ఎయిర్‌సాఫ్ట్ ఆటకు సామాను నడుము నుంచి మొదలుపెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు సెలవు రోజుల్లో ఆడుకునే ఆటల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. క్రికెట్, టెన్నిస్‌లతో పాటు ఎయిర్‌సాఫ్ట్‌కు కూడా అందులో చోటు దొరికినందుకు సంతోషించాను. అయితే వ్యాసంతో పాటు వేసిన ఫొటో దగ్గర నా చూపు ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటి ఉండని కుర్రవాడు మెడ నుంచి బొడ్డు దాకా ప్లేట్ క్యారియర్ అనే బరువైన సైనికుల తరహా వెస్ట్ తొడుక్కుని, దాని నిండా చిన్న సంచుల్లాంటి పౌచ్‌లు తగిలించుకుని, భుజాలు ముందుకు వంగిపోయి నిలబడి ఉన్నాడు. ఎడమవైపు చివరి పౌచ్ పైభాగం వెస్ట్‌కు అంటుకోకుండా ముందుకు వాలి వేలాడుతోంది. వ్యాసంలో తుపాకుల ధరల గురించి, మైదానాల గురించి వివరంగా రాశారు కానీ, ఆట మొత్తం ఒంటి మీద మోయవలసిన ఈ సామానును ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ ఏది పెట్టుకోవాలో ఒక్క వాక్యమైనా లేదు. ఆ లోటు కొంతైనా తీరుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా. చాలా ఏళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఆరేళ్లుగా మా అబ్బాయితో కలిసి ఎయిర్‌సాఫ్ట్ ఆడుతున్నాను. కొత్తగా వచ్చేవారికి బెల్టు బిగించడం, పౌచ్‌లు అల్లి పెట్టడం ఇప్పుడు మైదానంలో నాకు అలవాటైన పని. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సామాను కొనడం ఛాతీ నుంచి కాక నడుము నుంచి మొదలుపెట్టాలి, ఆట నిజంగా అడిగిన వస్తువుకు తప్ప మరి దేనికీ ఒంటి మీద చోటు ఇవ్వకూడదు.

తెలియని పాఠకుల కోసం ఆట గురించి కొద్దిగా చెబుతాను. 1970ల్లో జపాన్‌లో పుట్టిన ఈ ఆటలో అసలు తుపాకీని పోలిన బొమ్మ తుపాకీతో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు కాలుస్తారు. ఒక్కో గుండు బరువు 0.20 గ్రాములో, 0.25 గ్రాములో ఉంటుంది. తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి ‘తగిలింది’ అని చెప్పి తప్పుకోవాలి, ఆట అంతా ఆ నిజాయితీ మీదే నడుస్తుంది. కంటి రక్షణ విషయంలో మాత్రం ఎవరి మాటా చెల్లదు. చుట్టూ మూసుకుని ఉండే, దెబ్బ తట్టుకునే ప్రమాణానికి తగిన గాగుల్స్ లేకుండా లోపలికి రానివ్వరు. కాబట్టి తల్లిదండ్రులు డబ్బు ఖర్చు పెట్టవలసిన మొదటి వస్తువు ఆ గాగుల్స్. ఒంటి మీది సామాను సంగతి ఆ తర్వాతే.

నేను మాత్రం ఆ వరుసలో వెళ్లలేదు. మొదటి ఏడాది ఒక దుకాణంలో ‘పూర్తి సెట్టు’ పేరుతో అమ్మినదాన్ని ఏమీ ఆలోచించకుండా కొనేశాను. ప్లేట్ క్యారియర్, అందులో బరువు కోసం పెట్టిన రెండు ప్లేట్లు, ఎనిమిది మ్యాగజైన్లు (గుండ్లు నింపి తుపాకీకి తగిలించే డబ్బాలు), వీపున రెండు లీటర్ల నీళ్ల సంచి, రేడియో, ఎందుకో తెలియని మరో మూడు పౌచ్‌లు. జూలై నెల ఎండలో అదంతా వేసుకుని ఆటలో దిగాను. అరగంట గడవకముందే కాళ్లు తేలిపోయి, చెమట పట్టడం ఆగిపోయి, కళ్లు మసకబారితే, మైదానం వాళ్లు నన్ను నీడకు తీసుకెళ్లి వెస్ట్ విప్పి మెడ మీద తడిగుడ్డ వేసి కూర్చోబెట్టారు. ఇంటికి వచ్చాక ఆ సామానును తూచాను. ఇండియా ప్రయాణానికి 23 కిలోల సూట్‌కేసును తూచుకునే కొక్కెం తూకం ఇక్కడ ప్రతి తెలుగు ఇంట్లో ఉంటుంది. దానికి తగిలిస్తే ముల్లు 11 కిలోలు దాటింది. చేతిలోని తుపాకీ బరువు ఇందులో కలపలేదు. ఆ రోజు నేను వాడినవి మూడే మూడు మ్యాగజైన్లు.

ప్లేట్ క్యారియర్ ఎందుకు పుట్టిందో ఒకసారి ఆలోచిస్తే దాని అవసరం ఎంతో అర్థమవుతుంది. నిజమైన తూటాను ఆపే గట్టి పలకలను ఛాతీకీ వీపుకీ కట్టుకోవడానికి సైనికుల కోసం చేసిన తొడుగు అది. తూటా భయం లేని ఆటలో పలక అక్కర్లేదు, పలక లేనప్పుడు దాన్ని మోయడానికి చేసిన దళసరి తొడుగూ అక్కర్లేదు. చలికాలంలో, దగ్గరి నుంచి కాల్చుకునే గదుల ఆటలో గుండు చురుకు తగలకుండా కొంత కాపాడుతుందన్న మాట నిజమే, అందుకోసం పలకల స్థానంలో తేలికైన ఫోమ్ ముక్కలు పెట్టుకుని వేసుకునేవారిని నేను తప్పు పట్టను. కానీ మన ప్రాంతం నుంచి వచ్చి టెక్సాస్, అరిజోనా వంటి చోట్ల ఉంటున్నవారు వేసవిలో ఛాతీనీ వీపునీ ఇలా మూసేసుకుంటే ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. అలంకారం కోసం ఒక పిల్లవాడికి వడదెబ్బ తగలడం నాకు సమ్మతం కాదు.

ఇక ఎంచుకోవడం ఎలాగో చెబుతాను. ముందు ఒక కాగితం మీద లెక్క వేసుకోవాలి. అమెరికా సైనికుల ఎం4 రైఫిల్‌ను పోలిన సాధారణ తుపాకీకి వచ్చే మిడ్‌క్యాప్ మ్యాగజైన్‌లో సుమారు 120 గుండ్లు పడతాయి. కింద చక్రం తిప్పే హైక్యాప్‌లో 300 దాకా పడతాయి కానీ, పరుగెత్తితే అందులోని గుండ్లు గలగలమంటాయి, పొదల్లో దాక్కున్నవాడిని ఆ చప్పుడే పట్టిస్తుంది. పైగా కొన్ని పెద్ద ఆటల్లో హైక్యాప్‌లను అనుమతించరు. అరగంట సాగే ఒక ఆటకు తుపాకీలో ఒకటి, ఒంటి మీద మూడు మిడ్‌క్యాప్‌లు ఉంటే కొత్తవాడికి ధారాళంగా సరిపోతాయి. మిగిలినవి సంచిలో, విశ్రాంతి చోట ఉంచుకోవచ్చు. అంటే మోయవలసింది మూడు మ్యాగజైన్లు, ఖాళీ అయినవి వేసుకోవడానికి డంప్ పౌచ్, తగిలినప్పుడు చూపించే ఎర్ర గుడ్డ, తుపాకీ గొట్టానికి తొడిగే కవరు, నీళ్లు. పిస్టల్ ఉంటే దాని ఒర. ఇంతకు మించి ఏది చేర్చాలన్నా, గత మూడు ఆటల్లో అది ఎన్నిసార్లు చేతికి అవసరమైందో గుర్తు చేసుకుని చేర్చాలి.

ఇవన్నీ ఒక మంచి బెల్టు మీద అమరిపోతాయి. బెల్టు రెండు పొరలుగా ఉండేదాన్ని తీసుకోవడం మేలు. లోపలి పొర ప్యాంటు లూపుల గుండా వెళ్తుంది, దాని పైభాగమంతా వెల్క్రో ఉంటుంది. బయటి పొర గట్టిగా, వంగకుండా ఉండి ఆ వెల్క్రోకు అతుక్కుంటుంది. ఒకే పొర ఉన్న మెత్తని బెల్టు పది అడుగులు పరుగెత్తగానే బరువైన వైపు జారిపోయి, పక్కన ఉండవలసిన పౌచ్ తొడ ముందుకు వచ్చేస్తుంది. బెల్టు తుంటి ఎముక మీద ఆనేలా బిగించుకుంటే బరువు కాళ్ల మీదికి దిగుతుంది. భుజాలు తేలికగా ఉంటాయి, తుపాకీ ఎత్తిన చెయ్యి త్వరగా అలసిపోదు.

ఏది ఎక్కడ అన్నది చెప్పడానికి ఆటగాళ్లు గడియారం లెక్క వాడతారు. బొడ్డు పన్నెండు గంటలు, వెన్నెముక ఆరు గంటలు అనుకుంటే, కుడిచేతివాటం మనిషి కుడి చెయ్యి తుపాకీ పట్టు వదలదు కాబట్టి మ్యాగజైన్ తీసేది ఎడమ చెయ్యే. అందువల్ల మూడు మ్యాగజైన్లూ ఎడమ తుంటి మీద, తొమ్మిది పది గంటల మధ్య ఉండాలి. ఎనిమిది గంటల దగ్గర డంప్ పౌచ్ ఉంటే ఖాళీ మ్యాగజైన్ అదే చేతి నుంచి వెనక్కి జారవిడిచినట్లుగా అందులో పడుతుంది. పిస్టల్ ఉంటే మూడు గంటల దగ్గర. పన్నెండు గంటల చోటును ఖాళీగా వదిలేయాలి, లేకపోతే వంగినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది, బోర్లా పడుకోవడం కుదరదు. ఆరు గంటల చోట కూడా గట్టి వస్తువేదీ పెట్టకూడదు, వెల్లకిలా పడితే నేరుగా వెన్నెముకకే తగులుతుంది. ఎడమచేతివాటం పిల్లలకు ఇదంతా అద్దంలో చూసినట్లు తిరగేయాలి. దుకాణంలో అమర్చి అమ్మే సెట్లు కుడిచేతివాటానికే ఉంటాయి కాబట్టి తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం తప్పక చూసుకోవాలి.

మ్యాగజైన్‌ను పౌచ్‌లో పెట్టేటప్పుడు నోరు కిందికి, అడుగు పైకి ఉండేలా దించాలి. దుమ్మూ గడ్డీ నోట్లో పడవు, చేతికి అడుగుభాగం నిండుగా దొరుకుతుంది. దాని ముందుభాగం ఎటువైపు ఉండాలన్నది మాత్రం ఎవరి చేతికి వారు చూసుకోవాలి. చూపుడువేలు మ్యాగజైన్ ముందు అంచు వెంబడి ఆని, మణికట్టు మెలితిప్పకుండానే తుపాకీలోకి వెళ్లేలా ఉంటే సరైన అమరిక. అన్ని పౌచ్‌లలోనూ ఒకే దిశలో పెట్టాలి. రెండు ఒకలా, మూడోది మరోలా పెట్టినవాడు సరిగ్గా ఒత్తిడిలో ఉన్నప్పుడే తడబడతాడు.

ఈ అమరిక సంగతి ఎవరికి చెప్పినా నాకు మా నాన్నగారే గుర్తుకొస్తారు. ఆయన కల్లు గీత కార్మికుడు. తాడి చెట్టు ఎక్కేముందు ముస్తాదు నడుముకు బిగించుకుని, కత్తుల పొది తన చోటికి జరుపుకుని, లొట్టి (కల్లు కుండ) తగిలించుకుని, చెట్టుకూ ఒంటికీ చుట్టే మోకును వీపుకు ఆనించుకునేవారు. రోజుకు ఎన్ని చెట్లు ఎక్కినా ఆ వరుస మారగా నేను చూడలేదు. చెట్టు మొవ్వు దగ్గర, మోకు మీద ఒరిగి నిలబడినప్పుడు ఆయన చూపు గెల మీదే ఉండేది, చెయ్యి మాత్రం వెనక్కి వెళ్లి కావలసిన కత్తినే తీసేది. ఒకసారి నేను చిన్నతనంలో ఆడుకుంటూ పొదిలో కత్తుల వరుస మార్చి పెడితే ఆయన చెట్టు ఎక్కడం ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాటిని ఎందుకు కదిలించకూడదో ఒక్కో కత్తీ తీసి చూపించి చెప్పారు. అది బతుకుతెరువు, ఇది సెలవు రోజు ఆట. రెంటినీ ఒక గాటన కట్టడం లేదు. కానీ కన్ను చేసే పని కన్నూ, చెయ్యి చేసే పని చెయ్యీ చేసుకునేలా సామాను ఉండాలన్న సంగతి నేను నేర్చుకున్నది ఆ పొది దగ్గరే.

అందుకే మా అబ్బాయికీ, కొత్తగా వచ్చేవారికీ ఇంట్లో ఒక అభ్యాసం చేయిస్తాను. బెల్టు కట్టుకుని కళ్లు మూసుకుని మ్యాగజైన్ తీయడం, పెట్టడం ఇరవై సార్లు చేయాలి. తర్వాత గొంతుక్కూర్చుని, ఒక మోకాలి మీద నిలిచి, బోర్లా పడుకుని మళ్లీ చేయాలి. మెట్ల మీద నాలుగుసార్లు పైకీ కిందికీ పరుగెత్తాలి. ఏది జారిందో, ఏది గుచ్చుకుందో, ఏది అందలేదో అప్పుడే బయటపడుతుంది.

ఛాతీ మీద కట్టుకునే చెస్ట్ రిగ్‌ను నేను పూర్తిగా కాదనను. నడుము సన్నగా ఉండే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు బెల్టు చుట్టుకొలత చాలక పౌచ్‌లు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, వారికి మూడు నాలుగు మ్యాగజైన్లు ఒకే వరుసలో పట్టే పలుచని చెస్ట్ రిగ్ నప్పుతుంది. రోజంతా సాగే ఆటల్లో వీపు సంచి మోసేవారికి, ఆ సంచి నడుము పట్టీ బెల్టు చోటును ఆక్రమిస్తుంది కాబట్టి, అదే సౌకర్యం. ఎంచుకునేటప్పుడు వీపు వైపు పట్టీలు వెడల్పుగా ఉన్నాయా, తుపాకీ మడమ ఆనే భుజం గుంటలో బకిల్ ఏదీ రాకుండా ఉందా అని చూడాలి. అక్కడ బకిల్ ఉంటే తుపాకీ జారుతూనే ఉంటుంది, ఎందుకు జారుతోందో కొత్తవాడికి తెలియదు. రెండు వరుసలు ఒకదాని ముందు ఒకటి పేర్చిన రిగ్‌లు వద్దు. బోర్లా పడుకుంటే మనిషి నేల నుంచి అరడుగు పైకి లేచి కనిపిస్తాడు, తన పాదాలు తనకు కనిపించక రాళ్ల మీద తూలుతాడు.

మెషిన్‌గన్ నమూనా తుపాకీ మోసేవారిది మరో రకం సమస్య. వెయ్యికి పైగా గుండ్లు పట్టే పెట్టె మ్యాగజైన్ ఒకవైపు ఉంటే ఒళ్లంతా అటే ఒరుగుతుంది. కావడికి రెండు వైపులా సమానంగా సర్దినట్లు, రెండో తుంటి మీద నీళ్ల సీసా పెట్టుకోవాలి.

పౌచ్‌లను తగిలించే పద్ధతి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మైదానంలో పోయే వస్తువుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు వల్లే పోతాయి. 1973లో అమెరికా సైన్యం స్వీకరించిన ఆలిస్ పద్ధతిలో పౌచ్‌లను లోహపు క్లిప్పులతో బెల్టుకు బిగించేవారు. 1990ల చివరలో దాని స్థానంలో మోలీ అనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మనం కొనే వెస్టులూ బెల్టులూ దాదాపు అన్నీ ఆ పద్ధతివే. అందులో అంగుళం వెడల్పున్న నైలాన్ పట్టీలను అంగుళం ఎడంతో అడ్డంగా వరుసలుగా పరిచి, ప్రతి ఒకటిన్నర అంగుళానికీ ఒక కుట్టు వేస్తారు. పౌచ్ వెనుక కూడా అలాంటి పట్టీలే ఉంటాయి. పౌచ్‌కు ఉన్న నిలువు పట్టీని ముందు వెస్ట్ పట్టీ కిందుగా, తర్వాత పౌచ్ పట్టీ కిందుగా, మళ్లీ వెస్ట్ పట్టీ కిందుగా, ఇలా మార్చి మార్చి దింపి చివర బొత్తం నొక్కాలి. నవారు మంచం అల్లడం చూసినవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. తొందరపడి నిలువు పట్టీని వెస్ట్ పట్టీల వెంబడే నేరుగా కిందికి లాగి బొత్తం పెట్టేస్తే, చూడటానికి బిగిసినట్లే ఉంటుంది కానీ పౌచ్ పైభాగానికి మధ్యలో పట్టు ఉండదు. పరుగెత్తిన ప్రతిసారీ అది ముందుకు ఊగుతుంది, ఊగి ఊగి బొత్తం ఊడుతుంది. మా అబ్బాయి రెండో ఆటలోనే ఇలా రెండు మ్యాగజైన్లతో సహా ఒక పౌచ్ పోగొట్టుకున్నాడు, సాయంత్రం దాకా గడ్డిలో వెతికినా దొరకలేదు. సరిగ్గా అల్లిన పౌచ్‌ను చేత్తో పట్టుకుని లాగితే వెస్ట్ మొత్తం కదలాలి తప్ప పౌచ్ ఒక్కటీ కదలకూడదు.

గుడ్డ విషయంలో 1000 డెనియర్ (డెనియర్ అంటే దారం మందపు కొలత) నైలాన్ గట్టిదని అందరూ దానికే ఎగబడతారు. ఆటకు 500 డెనియర్ చాలు, తేలిక, మెత్తన. మ్యాగజైన్ పడిపోకుండా ఆపడానికి సాగే తాడు ఉన్న పౌచ్ త్వరగా అందుతుంది, ముళ్ల పొదల్లో పాకే అలవాటు ఉన్నవారికి మూత ఉన్నదే మంచిది.

లిథియం పాలిమర్ బ్యాటరీల గురించి కూడా ఒక మాట. విడి బ్యాటరీని మ్యాగజైన్ పౌచ్‌లోనో, తాళంచెవులున్న జేబులోనో పడేసుకుని పరుగెత్తేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. దానికి ఏదైనా గుచ్చుకున్నా, తీగలు ఒకదానికొకటి తగిలినా మంట అంటుకోవచ్చు. కింద పడితే మొదట ఒత్తిడి పడే తుంటి మీద దానికి చోటు ఇవ్వకూడదు. విడి బ్యాటరీని అగ్గికి తట్టుకునే సంచిలో పెట్టి విశ్రాంతి చోటే వదిలి రావాలి. నీళ్లు మాత్రం ఒంటి మీద ఉండాల్సిందే, అయితే ప్రతి ఆట తర్వాత విశ్రాంతి చోటికి తిరిగి వచ్చే మైదానాల్లో రెండు లీటర్ల సంచికి బదులు అర లీటరు సీసా చాలు. మిగిలిన ఒకటిన్నర కిలో బరువు వీపు మీద తగ్గుతుంది.

తల్లిదండ్రులకు మరొక విన్నపం. ఈ సామాను అంతా మూత ఉన్న ఒక సంచిలో పట్టేంత ఉండాలి, మైదానంలోకి వెళ్లాకే తొడుక్కుని అక్కడే విప్పాలి. వెస్ట్ వేసుకుని పెట్రోలు బంకులోనో, దుకాణంలోనో దిగడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో టమీర్ రైస్ అనే పన్నెండేళ్ల బాలుడు తన దగ్గరున్న ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ కారణంగా పోలీసు కాల్పుల్లో మరణించాడు. అది బొమ్మ తుపాకీ అని తెలిపేందుకు దాని మీద ఉండవలసిన నారింజ రంగు మొన లేదు. ఆ రంగు మొనను పీకేయమని పిల్లలు అడిగితే ఒప్పుకోకండి. ‘పోలీస్’ అని రాసిన గుడ్డ బిళ్లలను వెస్ట్ మీద అతికించుకోనివ్వకండి.

ఇప్పుడు నా సామాను తూకం నాలుగు కిలోల లోపే. బెల్టు, మూడు మ్యాగజైన్లు, డంప్ పౌచ్, అర లీటరు నీళ్లు, ఎర్ర గుడ్డ, గొట్టం కవరు, రేడియో. మొదటి ఏడాది కొన్న ప్లేట్ క్యారియర్ గ్యారేజీలో ఉంది.

మీ వ్యాసం రాసిన విలేఖరి గారికి ఆ ఫొటోలోని కుర్రవాడి ఇంటివారితో ఇంకా పరిచయం ఉంటే ఒక సాయం చేయమని కోరుతున్నాను. ఎడమవైపు చివరి పౌచ్‌ను పూర్తిగా విప్పేసి, పైవరుస నుంచి ఒకటి వెస్ట్‌కు, ఒకటి పౌచ్‌కు చొప్పున మళ్లీ అల్లుకోమని ఆ అబ్బాయికి చెప్పండి. పది నిమిషాల పని. వచ్చే ఆటకు ముందే చేసుకుంటే ఆ మ్యాగజైన్ పోదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్